రేవు కూలీల వకీలు – ఎర్నెస్ట్ బెవిన్

(బి.యస్సీ. ఫైనలియర్ విద్యార్థి)

మన వార్షిక సంచికల్లో మహనీయుల జీవిత చరిత్రలు రావడం ఆనవాయితీ. సైన్సు విద్యార్థులం కనుక ఐన్‌స్టీన్ గురించో, సి.వి. రామన్ గురించో, మేడమ్ క్యూరీ గురించో రాస్తూ ఉంటాం. ఈసారి నేను ప్రయోగశాల గడప కూడా తొక్కని ఒక మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు ఎర్నెస్ట్ బెవిన్. పదకొండేళ్లకే బడి మానేసి పొలం పనికి పోయినవాడు. చరిత్ర పుస్తకాల్లో ఈయన రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ విదేశాంగ మంత్రిగా కనిపిస్తాడు. అంతకుముందు ముప్పై ఏళ్ల పాటు ఈయన ఓడరేవు కూలీల కోసం ఒక చిక్కు ప్రశ్నతో కుస్తీ పట్టాడు. పని ఉంటే రమ్మని, లేకపోతే పొమ్మనే చోట, ఆ పని లేని గంటల ఖర్చు ఎవరు భరించాలి? అదీ ఆ ప్రశ్న.

వ్యవసాయ కుటుంబంలో పుట్టిన నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇవాళ పట్నంలో భుజాన పెద్ద సంచీ తగిలించుకుని, ఫోను మోగుతుందేమోనని హోటళ్ల ముందు మోటారు సైకిళ్ల మీద కూర్చునే కుర్రాళ్లకీ ఇది కొత్తది కాదు. అందుకనే బెవిన్ కథ మన సంచికలో ఉండాలని నాకనిపించింది.

బాల్యం

బెవిన్ 1881 మార్చిలో ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతంలో విన్స్‌ఫోర్డ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఎవరో ఆయనకు తెలియదు. తల్లి ఇళ్లల్లో పనిచేసి పిల్లల్ని సాకింది. బెవిన్‌కు ఎనిమిదేళ్లు వచ్చేసరికి, అంటే 1889లో, ఆ తల్లీ కన్నుమూసింది. పిల్లవాడు డెవన్ ప్రాంతంలో ఉన్న అక్క ఇంటికి చేరాడు. అక్కడ రెండు మూడు చిన్న బడులు తిరిగి, 1892లో చదువుకు స్వస్తి చెప్పాడు. ఆ కొద్దిపాటి చదువే ఇంటిల్లిపాదికీ అక్కరకొచ్చింది. ఇంట్లో చదవడం రాని పెద్దలు ఈ కుర్రాడిని కూర్చోబెట్టి వార్తాపత్రిక పైకి చదివించుకునేవారట. పెద్దయ్యాక ఆయనే ఈ సంగతి తలుచుకునేవాడు.

ఆ తర్వాత పొలం పని. ఆ రోజుల్లో ఇంగ్లండు పల్లెల్లో వ్యవసాయ కూలి బతుకు మన పాలేరు బతుకు కంటే గొప్పగా ఏమీ లేదు. టీన్స్‌లో అడుగుపెట్టాక కుర్రాడు పల్లె విడిచి బ్రిస్టల్ పట్నానికి వెళ్లాడు. వంటింట్లో చేతికింద పనివాడుగా చేశాడు, ట్రాము కండక్టరుగా చేశాడు, చివరకు గుర్రబ్బండి మీద సోడా, మినరల్ నీళ్ల సీసాలు దుకాణాలకు చేరవేసే పనిలో స్థిరపడ్డాడు. ఆదివారాల్లో బాప్టిస్టు చర్చిలో ప్రసంగాలు చేసేవాడు. గొంతు పెద్దది, మాట సూటి. నలుగురిలో నిలబడి మాట్లాడే విద్య అక్కడే అబ్బింది. బ్రిస్టల్ సోషలిస్టు సంఘంలో చేరి, 1908 ప్రాంతంలో నిరుద్యోగుల తరఫున పని హక్కు కోసం తిరగడం మొదలుపెట్టాడు.

రేవు దగ్గర తెల్లవారితే ఏం జరిగేది?

బెవిన్ చేసిన పని అర్థం కావాలంటే ఆ కాలపు ఓడరేవు ఎలా నడిచేదో ముందు తెలుసుకోవాలి. ఓడ ఎప్పుడు వస్తుందో గాలినీ, పోటునూ, వాతావరణాన్నీ బట్టి ఉండేది. ఒకరోజు పది ఓడలు వస్తాయి, మరో రోజు ఒక్కటీ రాదు. అందుచేత రేవు యజమానులు కూలీలను పర్మనెంటుగా పెట్టుకోరు. తెల్లవారగానే గేటు ముందు వందలాది మంది గుమిగూడతారు. మేస్త్రి వచ్చి తనకు కావలసిన వాళ్లను ఏరుకుంటాడు. మిగిలినవాళ్లు మధ్యాహ్నం పిలుపు దాకా అక్కడే పడి ఉండాలి, లేదంటే ఖాళీ చేతులతో ఇంటికి పోవాలి. మేస్త్రికి నచ్చినవాడికీ, మామూలు ముట్టజెప్పినవాడికీ ముందు పని. గట్టిగా అడిగినవాడికి రేపటి నుంచి పిలుపు ఉండదు. మన ఊళ్లల్లో తెల్లవారుజామున సెంటర్లలో నిలబడే అడ్డా కూలీలను చూసినవారికి ఇంతకు మించి వివరించనక్కరలేదు.

ఆ రోజుల్లో బ్రిటన్ కార్మిక సంఘాలు చాలా వరకు చేతిపని నేర్చిన నిపుణులవి. వడ్రంగులు, ఇంజనీరింగు పనివారు, అచ్చు పనివారు చందాలు కట్టి సంఘాలు నడుపుకునేవారు. రోజూ పని దొరకని మనిషి చందా ఏం కడతాడు? ఇవాళ ఈ యజమాని, రేపు ఆ యజమాని అయితే సమ్మె ఎవరి మీద చేస్తాడు? అందుకని రేవు కూలీలను కూడగట్టడం అయ్యే పని కాదని చాలామంది అనుకునేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

బెవిన్ తల్లి చనిపోయిన ఆ 1889 సంవత్సరంలోనే లండన్ రేవు కూలీలు ఈ లెక్క తప్పని రుజువు చేశారు. బెన్ టిల్లెట్, టామ్ మాన్, జాన్ బర్న్స్ నాయకత్వంలో ఆగస్టు నెలలో సమ్మె మొదలైంది. గంటకు 5 పెన్నీల కూలిని 6 పెన్నీలు చేయాలన్నది వాళ్ల మొదటి కోరిక. రెండో కోరిక ఇంకా ముఖ్యమైనది. ఒకసారి పనిలోకి పిలిచాక కనీసం నాలుగు గంటల కూలి ఇవ్వాలి. గంట పని చేయించుకుని పొమ్మనడం కుదరదు. సముద్రం అవతల ఆస్ట్రేలియా కార్మికులు సుమారు 30,000 పౌన్లు చందా పోగుచేసి పంపారు. ఐదు వారాలకు యజమానులు దిగొచ్చారు. ఆ సమ్మెలోంచి పుట్టిన రేవు కార్మికుల సంఘంలోనే, 21 ఏళ్ల తర్వాత, 1910లో, బ్రిస్టల్ బండివాళ్లను కూడగట్టి బెవిన్ చేరాడు. ఆ శాఖకు ఆయనే కార్యదర్శి. 1914 నాటికి సంఘానికి జాతీయ స్థాయి ఆర్గనైజరు అయ్యాడు.

కోర్టులో పళ్లాలు

బెవిన్ పేరు దేశమంతా మోగింది 1920లో. రేవు కూలీలకు దేశమంతటా రోజుకు కనీసం 16 షిల్లింగుల కూలి కావాలని సంఘం అడిగింది. (20 షిల్లింగులు ఒక పౌను, 12 పెన్నీలు ఒక షిల్లింగు. ఇది ఆనాటి లెక్క.) సమ్మెకు దిగే బదులు, 1919 నాటి పారిశ్రామిక న్యాయస్థానాల చట్టం కింద ఏర్పడిన విచారణ సంఘం ముందు వాదించడానికి ఒప్పుకున్నారు. అధ్యక్షుడు లార్డ్ షా. యజమానుల పక్షాన పేరు మోసిన న్యాయవాది సర్ లిండెన్ మెకాసీ. కూలీల పక్షాన బెవిన్. లా చదవలేదు, నల్లకోటు లేదు.

ఆయన తొలి ప్రసంగమే మొత్తం పదకొండు గంటలు సాగింది. రేవు పని చరిత్ర, కూలి రేట్లు, ఇళ్ల పరిస్థితి, ప్రమాదాలు, యజమానుల లాభాలు అన్నీ ఒక్కొక్కటిగా విప్పి చెప్పాడు. యజమానుల పక్షం వారు ప్రొఫెసర్ బౌలీ అనే ప్రసిద్ధ గణాంక శాస్త్రవేత్త చేత, ఐదుగురి కుటుంబం వారానికి ఇంత డబ్బుతో బతకగలదని ఒక పట్టిక వేయించి తెచ్చారు. బెవిన్ వాదన పెంచలేదు. సంచీ పట్టుకుని లండన్ తూర్పు పేటలో బజారుకు వెళ్లాడు. ఆ పట్టికలో ఉన్న డబ్బుకు వచ్చే తిండి సరుకులు కొన్నాడు, వండించాడు, ఐదు వాటాలు వేసి పళ్లాల్లో పెట్టి కోర్టుకు పట్టుకొచ్చాడు. రోజంతా ఓడలో బస్తాలు మోసే మనిషికి ఈ ముద్ద సరిపోతుందా అని ప్రొఫెసరు గారినే చూడమన్నాడు.

సైన్సు విద్యార్థిగా నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం. సిద్ధాంతం కాగితం మీద సరిగ్గానే ఉండవచ్చు, ప్రయోగం చేసి చూస్తేనే గదా నిజం తేలేది! బెవిన్ చేసింది సరిగ్గా ప్రయోగమే. పత్రికలు ఆయనకు రేవు కూలీల రాజ న్యాయవాది అని బిరుదు పెట్టాయి. ఆ పేరు ఆయనకు జీవితాంతం ఉండిపోయింది.

విచారణ సంఘం 16 షిల్లింగులు న్యాయమేనంది. వారానికి 44 గంటల పని అంది. రోజువారీ పిలుపు పద్ధతి చెడ్డదనీ, కూలీల పేర్లు రిజిస్టరు చేయాలనీ కూడా సిఫారసు చేసింది. పేర్ల నమోదు చాలా రేవుల్లో నెమ్మదిగా అమలుకు వచ్చింది. పని దొరకని రోజుకు భత్యం మాత్రం రాలేదు. ఆ పై రెండు మూడేళ్లలో మాంద్యం వచ్చిపడి ఆ 16 షిల్లింగులు కూడా తగ్గిపోయాయి. కోర్టులో గెలిచినది మార్కెట్లో నిలవలేదు. బెవిన్ ఈ పాఠం మరిచిపోలేదు.

లెక్క ఎక్కడ ఉంది?

ఇక్కడ ఒక చిన్న లెక్క చెబుతాను. ఇది బెవిన్ ఒక్కడి ఆలోచన కాదు. విలియం బెవరిడ్జ్ అనే ఆర్థికవేత్త 1909లో నిరుద్యోగం మీద రాసిన పుస్తకంలో రేవులనే ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించాడు. అంకెలు మాత్రం నేను ఊహకు వేసినవి.

ఒక రేవులో పది జెట్టీలు ఉన్నాయనుకోండి. ఒక్కో జెట్టీకి మామూలు రోజున 60 మంది కూలీలు చాలు, రద్దీ రోజున 100 మంది కావాలి. ప్రతి యజమానీ తన గేటు ముందు 100 మంది నిలబడి ఉండాలని కోరుకుంటాడు. అంటే మొత్తం 1,000 మంది. పని మాత్రం సగటున 600 మందికే. కానీ పది జెట్టీలకూ రద్దీ ఒకే రోజు రాదు. ఒకచోట ఎక్కువైతే ఇంకోచోట తక్కువ. పది జెట్టీలనూ ఒకే జాబితా కింద కలిపితే 700 మందితో దాదాపు అన్ని రోజులూ గడిచిపోతాయి. స్టాటిస్టిక్స్ చదివిన మిత్రులకు ఇది తెలిసిన సంగతే. విడివిడి హెచ్చుతగ్గులు కలిపితే ఒకదాన్నొకటి కొంత సర్దుకుంటాయి.

మరి యజమానులు ఇంత సులువైన పని ఎందుకు చేయలేదు? గేటు ముందు నిలబడ్డవాడికి నిలబడినందుకు కూలి ఇవ్వనక్కరలేదు గనుక! ఎదురుచూపు వాళ్లకు ఉచితం. ఉచితంగా దొరికేదాన్ని ఎవరూ పొదుపుగా వాడరు. ఎదురుచూపుకు ఒక ధర కడితేనే యజమానులు ఒక జాబితా కిందకి వస్తారు. బెవిన్ పోరాటానికి మూలం ఇదేనని నేను అర్థం చేసుకున్నాను. ఓడలు రోజూ సమానంగా రావాలని ఆయన ఎన్నడూ అడగలేదు. ఓడ రాని రోజు నష్టం కూలివాడి కంచం మీద ఒక్కదాని మీదే పడకూడదన్నాడు.

ఈ మాట మా పల్లెకు పట్టించి చూశాను. మాది గోదావరి జిల్లాల వైపు ఒక చిన్న ఊరు. నాట్ల రోజుల్లో మా నాన్న ముఠా పెద్దకు ముందే కబురు పెడతాడు. అందరికీ ఒకేసారి నాట్లు, ఒకేసారి కోతలు. ఆ పది రోజులూ కూలీలు దొరకరు. తర్వాత నెలల తరబడి వాళ్లకు పని దొరకదు. నడిమధ్యాహ్నం వాన కొట్టి పని ఆగిపోతే పూట కూలి ఇస్తారు. రెండో పూట కూలి పోయినట్టే. మూడెకరాల రైతు పని లేని రోజులకు కూడా కూలి ఇవ్వగలడా? ఇవ్వలేడు. వాన వల్ల, ధర వల్ల అతనూ నష్టపోయేవాడే. రైతు బిడ్డగా ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. బెవిన్ ఆలోచనలో నాకు నచ్చిన అంశం ఇదే. ఏ ఒక్క యజమానీ ఆ భారం మోయనక్కరలేదు. పరిశ్రమ మొత్తం తలాకొంచెం వేసుకుని ఒక నిధి పెట్టుకోవాలి. పరిశ్రమకు చేతకాకపోతే ప్రభుత్వం చేయి వేయాలి. 2005లో మన దేశంలో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం పల్లె కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని చూపించాలన్నప్పుడు, పని లేని రుతువు భారాన్ని కొంతవరకు దేశం తన మీద వేసుకున్నట్టే అయింది.

పద్నాలుగు సంఘాలు ఒకటి

మాంద్యం నేర్పిన పాఠంతో బెవిన్ చిన్న సంఘాలను కలపడానికి పూనుకున్నాడు. 1922 జనవరి 1న పద్నాలుగు సంఘాలు కలిసి రవాణా, సాధారణ కార్మికుల సంఘం ఏర్పడింది. మొదటి ప్రధాన కార్యదర్శి బెవిన్. ఆయన 1940 దాకా ఆ పదవిలో ఉన్నాడు. రేవు కూలీలు, బండి తోలేవాళ్లు, బస్సు, ట్రాము పనివాళ్లు, ఏ పనికీ ప్రత్యేకమైన పేరు లేని కూలీలు అందరూ అందులో చేరారు. ఒక్కో వృత్తికి ఒక్కో విభాగం, అన్నిటికీ ఒకే ఖజానా. నిపుణులు కాని వాళ్లతో సంఘం నిలవదన్న పాత మాట అబద్ధమైపోయింది. 1930ల చివరికి బ్రిటన్‌లో అదే అతి పెద్ద కార్మిక సంఘం.

ఈ మధ్యలో 1926 సార్వత్రిక సమ్మె జరిగింది. తొమ్మిది రోజులకు అది విఫలమైంది. ఆ దెబ్బ తర్వాత బెవిన్ సమ్మె మీద ఆశ తగ్గించుకుని బేరసారాల మీద, చట్టాల మీద పట్టు పెంచాడు. 1929లో మెక్‌మిలన్ కమిటీలో సభ్యుడై, కేన్స్ వంటి ఆర్థికవేత్తల పక్కన కూర్చుని బ్యాంకుల వ్యవహారం చర్చించాడు. జీతంతో కూడిన సెలవుల కోసం పనిచేశాడు. 1938లో అందుకు చట్టం వచ్చింది.

మంత్రిగా బెవిన్

1940 మే నెలలో చర్చిల్ యుద్ధకాలపు ప్రభుత్వం ఏర్పరచినప్పుడు, పార్లమెంటు సభ్యుడు కూడా కాని బెవిన్‌ను కార్మిక మంత్రిని చేశాడు. సభ్యత్వం తర్వాత ఏకగ్రీవంగా వచ్చింది. ఇరవై ఏళ్లు బయట నిలబడి అడిగినదాన్ని ఇప్పుడు లోపల కూర్చుని చేసే అవకాశం దొరికింది. రేవు కూలీల పేర్ల నమోదు 1940లో తప్పనిసరి చేశాడు. 1941లో లివర్‌పూల్, గ్లాస్గో వైపు రేవుల్లో, ఆ తర్వాత దేశమంతటా, నమోదైన కూలీకి హాజరైతే చాలు, పని దొరకకపోయినా కొంత భత్యం వచ్చే పద్ధతి మొదలైంది. యుద్ధకాలంలో ఓడ ఆలస్యమైతే దేశానికే ముప్పు. ఎదురుచూపు విలువ అప్పుడు గాని యజమానులకు తెలిసిరాలేదు!

మన దేశానికీ ఆయనతో ఒక లంకె ఉంది. 1941 నుంచి బెవిన్ శిక్షణ పథకం పేరున భారతీయ యువకులను బ్రిటన్‌కు రప్పించి కర్మాగారాల్లో సాంకేతిక శిక్షణ ఇచ్చారు. అలాగని ఆయన్ని మన మిత్రుడని పొగడనక్కరలేదు. విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు, ఒక తేదీ పెట్టుకుని భారతదేశం నుంచి తప్పుకోవడం ఆయనకు ఇష్టం లేదు. 1947 జనవరిలో ప్రధాని అట్లీకి ఆ అభ్యంతరం రాశాడు కూడా. కార్మికుడి కష్టం తెలిసిన మనిషికి వలస ప్రజల కష్టం ఆ మేరకు కనిపించలేదు.

కార్మికుల విషయంలోనూ ఆయన చేతులకు మచ్చ లేకపోలేదు. 1940లో ఆయన తెచ్చిన 1305వ నంబరు ఉత్తర్వు సమ్మెలను నిషేధించింది. ఆ ఉత్తర్వు యుద్ధం అయిపోయాక కూడా కొనసాగి 1951లో గాని పోలేదు. 1943 చివరి నుంచి యువకులను లాటరీ తీసి బొగ్గు గనుల్లోకి పంపాడు. సుమారు 48,000 మంది బెవిన్ కుర్రాళ్లు అనే పేరుతో భూమి లోపలికి దిగారు. కార్మిక నాయకుడు మంత్రి అయితే కార్మికుడికి ఎప్పుడూ మేలే జరుగుతుందని చెప్పలేం.

గెలుపులోని చిక్కు

1946లో పార్లమెంటు రేవు కార్మికుల చట్టం చేసింది. 1947లో జాతీయ రేవు కార్మిక పథకం వచ్చింది. దాని బోర్డులో సగం మంది యజమానుల వారు, సగం మంది సంఘం వారు. నమోదైన కూలీకి హాజరు భత్యం, వారానికి ఒక కనీస ఆదాయం, ఇష్టం వచ్చినట్టు తీసేయకుండా రక్షణ. దీనికయ్యే ఖర్చుకు యజమానుల నుంచి రుసుము. 1889లో నాలుగు గంటల కూలి కోసం మొదలైన నడక 58 ఏళ్లకు ఇక్కడికి చేరింది.

కానీ కథ అక్కడ సుఖాంతం కాలేదు. చాలామంది కూలీలకే ఈ పథకం గొంతులో పడ్డ ముల్లయింది. పాత పద్ధతిలో ఒక స్వేచ్ఛ ఉండేది. ఇవాళ ఒళ్లు బాగాలేకపోతే వెళ్లనక్కరలేదు, నచ్చని సరుకు మోయనక్కరలేదు. ఇప్పుడు భత్యం కావాలంటే రోజూ హాజరు వేయించుకోవాలి, చూపించిన పని చేయాలి, లేకపోతే శిక్ష. ఆ శిక్ష వేసే బోర్డులో తమ సంఘం నాయకులే కూర్చుని ఉంటారు! 1948లో, 1949లో లండన్ రేవులో సంఘం అనుమతి లేకుండానే పెద్ద సమ్మెలు జరిగాయి. లేబర్ ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. సమ్మెల్లో సరుకు దించడానికి సైనికులను దింపింది. ఆ మంత్రివర్గంలో బెవిన్ ఉన్నాడు.

నేను దీన్ని ఒక వైపు నుంచి తీర్పు చెప్పలేను. భద్రత కావాలంటే కొంత క్రమశిక్షణ తప్పదు. ఆ క్రమశిక్షణ ఎవరి చేతిలో ఉండాలో కార్మికుడిని అడగకపోతే, సంఘం కూడా ఆ కార్మికుడికి మేస్త్రిలాగే కనిపిస్తుంది. బెవిన్ పెద్ద సంఘాన్ని కట్టాడు. అందులో కింది మెట్టు మనిషి గొంతు పైకి వినిపించే దారి మాత్రం ఇరుకుగానే ఉండిపోయింది.

అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది. 1945 నుంచి విదేశాంగ మంత్రిగా ఉండి, 1949లో నాటో ఒప్పందం కుదర్చడంలో ముఖ్యపాత్ర వహించాడు. 1951 మార్చిలో ఆ పదవి వదిలి, ఏప్రిల్ 14న గుండె ఆగి మరణించాడు. పొలం కూలీగా బతుకు మొదలుపెట్టిన మనిషి చితాభస్మం రాజులూ, కవులూ ఉండే వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఉంది.

తర్వాత ఏం జరిగింది?

ఆయన పోయాక, 1967 సెప్టెంబరులో రేవు కూలీలంతా ఒక్కో యజమాని దగ్గర స్థిరమైన ఉద్యోగులయ్యారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కంటెయినర్లు వచ్చాయి. ఇనుప పెట్టెలను క్రేన్లు ఎత్తుతుంటే వందల మంది చేతులు అక్కరలేకపోయాయి. 1989లో థాచర్ ప్రభుత్వం 1947 నాటి పథకాన్ని రద్దుచేసింది. సంఘం సమ్మె చేసి ఓడిపోయింది.

మన దగ్గరా అదే దారి. బ్రిటన్ చట్టం పేరుతోనే మన దేశంలో 1948లో డాక్ వర్కర్స్ చట్టం వచ్చింది. దాని కింద విశాఖపట్నం రేవుకు 1959లో పథకం ఏర్పడింది. డాక్ లేబర్ బోర్డు అంటే విశాఖలో పాతతరం వాళ్లకు ఇప్పటికీ తెలుసు. 1997లో పెద్ద రేవులకు ఆ చట్టం వర్తించకుండా చేసే వీలు కల్పించారు. తర్వాత విశాఖ బోర్డు పోర్టులో కలిసిపోయింది.

బోర్డులు పోయాయి. ప్రశ్న పోయిందా? పోలేదు. గేటు మారిందంతే. ఇప్పుడు ఆ గేటు ఫోనులో ఉంది. 2022లో నీతి ఆయోగ్ వేసిన అంచనా ప్రకారం 2020–21లో మన దేశంలో 77 లక్షల మంది ఇలాంటి గిగ్ పనుల్లో ఉన్నారు. 2029–30కి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరుతుందన్నారు. మా హాస్టల్ సీనియర్లలో ఇద్దరు సాయంత్రం పూట ఒక కంపెనీకి పార్సిళ్లు చేరవేసేవారు. ఫీజుకు, మెస్ బిల్లుకు ఆ డబ్బు అక్కరకొచ్చింది. ఇష్టమైనప్పుడు ఆన్ చేసి, పరీక్షలప్పుడు ఆపేసే వీలుండటం వాళ్లకు నచ్చింది కూడా. కానీ హోటల్ ముందు అరగంట నిలబడితే ఆ అరగంటకు ఏమీ రాదు. పెట్రోలు తమదే, బండి తమదే, పడితే దెబ్బ కూడా తమదే.

సంఘాలు మొదట్లో ఏమన్నాయి? రోజుకో చోట ఉండే వీళ్లను కూడగట్టడం అయ్యే పని కాదని చాలామంది అన్నారు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఈ మాటే! 1889కి ముందు రేవు కూలీల గురించీ ఇదే అన్నారు. ఇప్పుడు పరిస్థితి మారుతోంది. బ్రిటన్‌లో జి.ఎం.బి. అనే సంఘం అండతో ఊబర్ డ్రైవర్లు కొందరు కోర్టుకెక్కారు. 2021 ఫిబ్రవరి 19న అక్కడి సుప్రీం కోర్టు వాళ్లు సొంత వ్యాపారులు కారు, కార్మికులేనంది. యాప్ ఆన్ చేసి తమ ప్రాంతంలో, పిలుపు వస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని కూడా తేల్చింది. చూశారా, 1920లో అడిగిన ప్రశ్నకు నూరేళ్ల తర్వాత వచ్చిన జవాబు! అదే ఏడాది మే నెలలో ఆ కంపెనీ జి.ఎం.బి. సంఘాన్ని గుర్తించింది.

మన దేశంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి మొదటిసారిగా గిగ్ కార్మికుడనే మాటను చట్టంలోకి తెచ్చింది. అది 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ నిధికి కట్టాలని అందులో ఉంది. రాజస్థాన్ 2023లోనే ఇందుకోసం ప్రత్యేకంగా చట్టం చేసింది. తెలంగాణలో ఈ కార్మికులకు సంఘం ఉంది. నిధి అంటే బెవిన్ చెప్పిన ఉమ్మడి పద్దులో సగం మాత్రమే. ప్రమాదానికి, జబ్బుకు అది పనికొస్తుంది. ఎదురుచూసిన గంటకు ధర కట్టడం అనే రెండో సగం మన దగ్గర ఇంకా మిగిలే ఉంది.

సైన్సు చదివే మనలో రేపు కొందరు ఈ యాప్‌లు రాస్తారు. ఏ కుర్రాడికి ఏ ఆర్డరు పోవాలో తేల్చే ప్రోగ్రాము మన చేతులతోనే తయారవుతుంది. ఒకప్పుడు గేటు దగ్గర మేస్త్రి చేసిన పనే అది. ఎంతమందిని ఆన్‌లో ఉంచాలి, ఎంతసేపు ఊరికే నిలబెట్టవచ్చు అన్నది లెక్కే. ఆ లెక్కలో ఎదురుచూపు విలువ సున్నా అని రాయాలా, ఒక అంకె వేయాలా అన్నది కూడా ఎవరో ఒకరు నిర్ణయించాల్సిందే. నిపుణులమైన మనం సంఘం మనకెందుకులే అనుకుంటాం. ఆనాటి నిపుణుల సంఘాలూ రేవు కూలీల విషయంలో అలాగే అనుకున్నాయి. బెవిన్ బజారుకెళ్లి సరుకులు కొని, వండి, వాటాలు వేసి చూపించాడు. మనం కూడా మన లెక్క ఎవరి కంచంలో ఎంత పెడుతుందో ఒకసారి కొలిచి చూస్తే బాగుంటుందని నా మనవి.